శాలువానా, బెంచీనా? సెంట్రల్ పార్క్‌ను చూసుకునేవాళ్ళకు ఉగాది సన్మానం

కృష్ణాతీరం (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మేం న్యూయార్క్‌లో, మన్‌హట్టన్ పడమటి వైపున ఉంటాం. పద్నాలుగు తెలుగు కుటుంబాల చిన్న నడక గుంపు మాది. పొద్దున్నే సెంట్రల్ పార్క్‌లోకి వెళ్ళి రిజర్వాయర్ చుట్టూ ఒక చుట్టు తిరిగి ఎవరి పనుల్లోకి వాళ్ళం వెళ్ళిపోతాం. తొమ్మిదేళ్ళుగా ఇదే అలవాటు. ఒక్క పైసా కట్టింది లేదు.

ఈ ఉగాదికి ఆ పార్కును చూసుకుంటున్న సెంట్రల్ పార్క్ కన్సర్వెన్సీని మన పద్ధతిలో గౌరవించాలని అనుకున్నాం. అది ప్రభుత్వ శాఖ కాదు, లాభాపేక్ష లేని సంస్థ. మూడు వేల డాలర్లు పోగయ్యాయి. పోయిన ఆదివారం మా ఇంట్లో కూర్చుంటే మాట మూడు దారులు పట్టింది. పెద్దవాళ్ళేమో శాలువా, జ్ఞాపిక, ఆఫీసులో పెద్ద హోదావాళ్ళకు చిన్న సభ అన్నారు. ఇద్దరు బెంచీ అన్నారు. అక్కడ బెంచీని దత్తత తీసుకుంటే మనం చెప్పిన మాటను చిన్న పలక మీద చెక్కి బిగిస్తారు. కానీ దానికి పది వేల డాలర్లు.

మూడో మాట నాది. మేం నడిచే దారిలో రోజూ ఒక తోటమాలి ఉంటుంది. మా అమ్మకు ఇంగ్లీషు రాదు, ఆవిడకు తెలుగు రాదు. అయినా పోయిన నవంబరులో అమ్మ ఆగి చేత్తో "ఏం పాతిపెడుతున్నావమ్మా?" అన్నట్టు అడిగితే, ఆవిడ గోతిలోంచి ఒక గడ్డ తీసి అమ్మ అరచేతిలో పెట్టింది. డాఫొడిల్ గడ్డ. "ఉల్లిపాయలా ఉందే" అంది అమ్మ. మార్చిలో అవి పూసినప్పుడు ఆవిడే అమ్మను పిలిచి చూపించింది. సన్మానం అంటూ చేస్తే ఆవిడకే చెయ్యాలని నాకు అనిపిస్తోంది. మీరేమంటారు?

ఎడిసన్ వాసి

అమ్మా, మంచి పని తలపెట్టారు. నేను 1977లో చదువుకోడానికి న్యూయార్క్ వచ్చాను. ఆ పార్కు అప్పుడెలా ఉండేదో చూసినవాణ్ణి కాబట్టి చెప్తాను.

మా సీనియర్లు మొదటి రోజే చెప్పిన మాట, "చీకటి పడ్డాక పార్కులోకి అడుగు పెట్టొద్దు." పట్టపగలు వెళ్ళినా మనసు పాడయ్యేది. షీప్ మెడో అని పెద్ద మైదానం ఉంది కదా, ఒకప్పుడు నిజంగానే గొర్రెలు మేసేవి, 1934 దాకా. నేను చూసేసరికి అక్కడ గడ్డి పరక లేదు, గాలి వీస్తే దుమ్ము లేచేది. బెల్వెడేర్ కోట గోడల నిండా రంగు రాతలు. బెంచీల పలకలు విరిగిపోయి ఇనుప కాళ్ళు మాత్రం మిగిలేవి. 1975లో నగరం దివాలా అంచు దాకా వెళ్ళింది, జీతాలకే డబ్బులు లేవు, ఇక చెట్లకు నీళ్ళెవరు పోస్తారు?

కాచ్ మేయరయ్యాక గోర్డన్ డేవిస్ పార్కుల కమిషనర్ అయ్యారు. ఆయన 1979లో ఎలిజబెత్ బార్లో రోజర్స్ అనే ఆవిడను ఒక్క సెంట్రల్ పార్క్‌కే అడ్మినిస్ట్రేటర్‌గా వేశారు. అంతకుముందు ఆ పార్కు మొత్తానికి జవాబుదారీగా ఒక మనిషి లేరు. 843 ఎకరాలకు! ఆ మరుసటి ఏడు, 1980లో, కన్సర్వెన్సీ పుట్టింది. అదే ఏడు షీప్ మెడోలో కొత్త పచ్చిక పరిచారు. నేను అప్పటికి ఉద్యోగంలో చేరాను. ఒక ఆదివారం వెళ్ళి చెప్పులు విప్పి ఆ పచ్చిక మీద నడిచాను. ఆ రోజు నాకు ఇప్పటికీ గుర్తే.

ఓరుగల్లు బిడ్డ

అక్కా, నేను హైదరాబాద్‌ల ఉంట. ఒక్కటి అడుగుత, తప్పుగ అనుకోకుండ్రి. గవర్నమెంటు పార్కును ప్రైవేటోళ్ళ చేతుల పెట్టినట్టే కదా ఇది? రేపు గేటు కాడ టికెట్టు పెడ్తే ఎవ్వలు ఆపుతరు?

ఇంకోటి. మా కాలనీల ఎకరం జాగల ఒక పార్కు కట్టిండ్రు. రిబ్బన్ కట్ చేశిండ్రు, నల్లరాతి మీద పేర్లు చెక్కిండ్రు. మూడేండ్లు తిరిగెటాలకు ఫౌంటెన్ ఎండిపాయె, ఉయ్యాల గొలుసులు తెగిపాయె, గడ్డి జాగల పిచ్చిమొక్కలు మొలిశె. ఆ నల్లరాయి ఒక్కటే చెక్కుచెదరకుంట ఉన్నది. కట్టెటప్పుడు ఉన్న పైసలు తర్వాత ఎందుకు ఉండయో నాకు సమజ్ కాదు.

కృష్ణాతీరం

తమ్ముడూ, తప్పేముంది, అడగాల్సిన ప్రశ్నే. టికెట్టు లేదు. నేల నగరానిదే, ఈనాటికీ. కన్సర్వెన్సీ నగరంతో ఒప్పందం మీద పనిచేస్తుంది. మొదట్లో పూర్తి స్థాయి ఒప్పందం లేకుండానే నడిచింది, 1998లో నిర్వహణ ఒప్పందం రాసుకున్నారు. పార్కులో ఏ నియమం ఉండాలో, ఏ సభకు అనుమతి ఇవ్వాలో నగరమే తేలుస్తుంది. పోలీసులు నగరం వాళ్ళే. చెట్లు, పచ్చిక, చెత్త, బెంచీలు, మరమ్మతులు సంస్థ పని. ఖర్చులో ఎక్కువ భాగం వాళ్ళు విరాళాలుగా తెచ్చుకుంటారు, నగరం కొంత ఇస్తుంది.

నువ్వు చెప్పిన నల్లరాయి సంగతి చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను. మా విజయవాడలోనూ అలాంటివి చూశాను.

కడియం నర్సరీ

కృష్ణాతీరం గారూ, మాది తూర్పుగోదావరి, కడియం. తాతల నాటి నుంచి మొక్కలే మా బతుకు. న్యూయార్క్ ఎప్పుడూ చూడలేదండి, కానీ ఈ పార్కు గురించి వృత్తి కోసం చాలా చదివాను. ఓరుగల్లు తమ్ముడి ప్రశ్నకు నాకు తోచిన జవాబు చెప్తాను.

మొక్క నాటడం ఒక రోజు పని. దాన్ని బతికించడం రోజూ చేసే పని. జనం మొదటిదానికి డబ్బిస్తారు. ఫోటో ఉంటుంది, పేరు ఉంటుంది. రెండోదానికి ఎవరూ ఇవ్వరు. కన్సర్వెన్సీ వాళ్ళు చేసిన గొప్ప పని నా దృష్టిలో ఇదే, రెండోదానికి డబ్బు పోగుచెయ్యడం నేర్చుకున్నారు. బెంచీకి పది వేలు అన్నారే, అది ఆ చెక్క ధర కాదండి. ఆ సొమ్ము నిధిలో పడుతుంది, పార్కు పోషణకు వెళ్తుంది. 2012లో జాన్ పాల్సన్ అనే ఆయన 10 కోట్ల డాలర్లు ఇస్తే, అందులో సగం శాశ్వత నిధిలోనే వేశారు. అసలు సొమ్ము కదలదు, దాని మీద వచ్చేదాంతో పని నడుస్తుంది. మన గుళ్ళకు పూర్వం మాన్యాలు రాసిచ్చేవారు కదా, దీపం ఆరకుండా. అదే పద్ధతి.

ఇక మీ తోటమాలి గారి గురించి. 1990ల నడిమిలో వాళ్ళు పార్కు మొత్తాన్ని 49 భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక్కో తోటమాలిని పెట్టారు. అంతకుముందు గుంపులుగా వచ్చి ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ పని చేసి పోయేవారు. అలా చేస్తే ఏ చెట్టు ఎండుతోందో ఎవరికీ పట్టదు. ఒక మనిషికి ఒక ముక్క అప్పజెప్పితే ఆ ముక్కలో ఏ కొమ్మ వాడింది, ఏ మూల నీరు నిలిచింది, ఏ బెంచీ మేకు ఊడింది అన్నీ ఆ మనిషికి తెలుస్తాయి. వచ్చేపోయేవాళ్ళకు కూడా ఎవర్ని అడగాలో తెలుస్తుంది. మీ అమ్మగారు అడిగారు చూడండి, అలా. మా నర్సరీలో కూడా మడికో మనిషి. మడి చూస్తే మనిషి తెలిసిపోతుంది.

మరో ముక్క. అక్కడ మాల్ అనే దారికి రెండు వైపులా అమెరికన్ ఎల్మ్ చెట్లు బారులు తీరి ఉంటాయి. ఎల్మ్‌లకు ఒక శిలీంధ్రం తెగులు ఉంది, బెరడు పురుగు మోసుకొస్తుంది. ఆ తెగులు అమెరికాలో ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ చేసింది. ఈ బారు మిగిలిందంటే, ఎండు ఆకు కనిపించిన వెంటనే ఆ కొమ్మ కోసి పారెయ్యబట్టే. చెట్టు పోయాక చూస్తే పక్క చెట్టు కూడా పోతుంది, వేళ్ళు కలిసి ఉంటాయి కాబట్టి. రోజూ చూసే కన్ను లేకపోతే ఆ నీడ ఈపాటికి ఉండేది కాదండి.

నా ఓటు మీ తోటమాలికే.

విశాఖ కెరటం

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు, నేను కొంచెం వేరే మాట చెప్తాను. నేను న్యూయార్క్‌లోనే క్వీన్స్‌ అనే భాగంలో ఉంటాను, జాక్సన్ హైట్స్ వైపు. మా పిల్లలు ఆడుకునే చోటు సెంట్రల్ పార్క్ కాదు, మా వీధి చివర ఉన్న చిన్న మైదానం. దాని చుట్టూ కోటీశ్వరుల అపార్టుమెంట్లు లేవు, పది కోట్లు ఇచ్చేవాళ్ళూ లేరు.

డబ్బున్నవాళ్ళు తమ కిటికీలోంచి కనిపించే పార్కును బాగుచేసుకుంటే, మిగిలిన పార్కులకు నిధులు అడిగే గొంతు తగ్గిపోతుందని నా బాధ. ఇది నా ఒక్కదాని బాధ కాదు. 2013లో స్క్వాడ్రన్ అనే స్టేట్ సెనేటర్ ఒక ప్రతిపాదన తెచ్చారు, పెద్ద పార్కు సంస్థలు తమ బడ్జెట్‌లో 20 శాతం పేద పేటల పార్కులకు ఇవ్వాలని. అది చట్టం కాలేదు.

ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోవాలి. ఆ పార్కు ఖాళీ నేల మీద రాలేదు. పడమటి వైపు, 82 నుంచి 89 వీధుల మధ్య, సెనెకా విలేజ్ అనే ఊరుండేది. 1825లో నల్లవాళ్ళు సొంతంగా స్థలాలు కొనుక్కుని కట్టుకున్న ఊరు. చర్చిలు, బడి, శ్మశానం అన్నీ ఉండేవి. పార్కు కోసం 1857కల్లా అందర్నీ ఖాళీ చేయించారు. కృష్ణాతీరం గారూ, మీరు రోజూ నడిచే దారి ఆ ఊరి పక్కనుంచే వెళ్తుంది. సన్మానం చెయ్యొద్దని కాదు. చేసేటప్పుడు ఇది కూడా మనసులో ఉండాలని.

ఎడిసన్ వాసి

కెరటం గారూ, మీ మాటతో నాకు పేచీ లేదు. ఇన్నేళ్ళు ఆ పార్కును ప్రేమించినవాణ్ణి, సెనెకా విలేజ్ గురించి నాకు తెలిసింది అరవై ఏళ్ళు దాటాకే. సిగ్గుగా ఉంటుంది. 2019లో కన్సర్వెన్సీ వాళ్ళు ఆ చోట చరిత్ర ఫలకాలు పెట్టారు. మనవడితో వెళ్ళి ఒక్కో ఫలకం దగ్గర ఆగి చదివాం.

నిధుల తేడా మాటా నిజమే. కాకపోతే ఒకటి చెప్పాలి. పార్కు ఉత్తరపు కొస, నల్లవాళ్ళ పేటగా పేరున్న హార్లెమ్‌ను ఆనుకుని ఉంటుంది. ఒకప్పుడు అటు ఎవరూ చూసేవారు కాదు. హార్లెమ్ మీర్ చెరువు పూడిక తీసి, గట్టు బాగుచేసి, 2025లో డేవిస్ సెంటర్ తెరిచారు. వేసవిలో ఈతకొలను, చలికాలంలో స్కేటింగ్. పాత కట్టడం నీటి దారికి అడ్డంగా ఉండేది, దాన్ని పడగొట్టి వాగును మళ్ళీ చెరువులోకి వదిలారు. దక్షిణం వైపు ధనవంతులకోసమే పనిచేసే సంస్థ అయితే ఆ కొసన అంత డబ్బు పెట్టేది కాదు.

సీమ నేల

నమస్తే. నాది అనంతపురం జిల్లా, పదవీ విరమణ చేసిన హెడ్మాస్టరును. పార్కు గురించి నాకేం తెలీదు, సన్మానాల గురించి కొంచెం తెలుసు.

నా బీరువాలో నలభై పైచిలుకు శాలువాలు ఉండాయి. ఏది ఎవరు కప్పినారో చెప్పమంటే చెప్పలేను. గుర్తుండేది ఒక్కటే, అదీ నాకు చేసింది కాదు. మా బడిలో ఒక అటెండరు ఉండేవాడు. బోరు ఎండిపోయిన ఏడు, ముఖాలు కడుక్కున్న నీళ్ళు, పిల్లలు గిన్నెలు కడిగిన నీళ్ళు తొట్టిలో పట్టి, సాయంత్రం బకెట్లతో మోసి పదకొండు వేపచెట్లను బతికించినాడు. ఆయన రిటైరయిన రోజు సభలో ముందు వరుసలో పెద్దలందరికీ దండలు పడినాయి, ఆయన వెనక కుర్చీలు సర్దుతా ఉండినాడు. మా పదో తరగతి పిల్లలు లేచి, ఆయన చేయి పట్టుకుని బయటికి పిలుచుకొచ్చి, పదకొండు చెట్ల దగ్గరా ఆపి, ఒక్కో చెట్టు కింద ఒక్కో పిల్లోడు తన మాట చెప్పినాడు. సభ అక్కడితో అయిపోయింది. మేమంతా చెట్ల కిందికే పోయినాము.

అమ్మా, ఆ తోటమాలిని ఆఫీసుకు పిలిపించొద్దండి. ఆమె పనిచేసే చోటికే మీరు పోండి.

ఓరుగల్లు బిడ్డ

సార్, మీ పోస్టు మా అమ్మకు సదివి వినిపించిన.

కడియం అన్నా, ఒక మాట అడుగుత. ఆ 49 ముక్కల లెక్క మా ఎకరానికి పనిచేస్తదా? మా పార్కుల ఆరు మళ్ళున్నయి. మడికి ఒక కుటుంబం అనుకుంటే? ముందుగాల గడ్డే పెంచాలనుకున్నం, ఎన్నిసార్లు ఏశినా సచ్చిపోతున్నది.

కడియం నర్సరీ

తప్పకుండా పనిచేస్తుంది తమ్ముడూ. గడ్డి చావడానికి కారణం మాత్రం గడ్డిలో లేదు, కింద మట్టిలో ఉంది. జనం నడిచీ నడిచీ నేల ఇటుకలా బిగుసుకుపోతుంది. నీరు దిగదు, గాలి దిగదు, వేరు దిగదు. పైన ఎన్ని తివాచీలు పరిచినా నెలకు ఎండుతాయి. ముందు జానెడు లోతు తవ్వి గుల్ల చెయ్యండి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలపండి. ఆ తర్వాత మడికి విశ్రాంతి ఇవ్వాలి. సెంట్రల్ పార్క్‌లో చలికాలమంతా షీప్ మెడో మూసేస్తారు, వాన పడ్డ రోజు పచ్చిక బయళ్ళ దగ్గర ఎర్ర జెండా పెడతారు, అంటే ఇవాళ ఎవరూ తొక్కొద్దని.

తడి నేలను తొక్కితే ఏమవుతుందో చెప్పడానికి అక్కడిదే ఒక ఉదాహరణ. 2023 సెప్టెంబరులో గ్రేట్ లాన్ మీద జోరువానలో పెద్ద కచేరీ జరిగింది. వేలమంది కాళ్ళు, పైగా బరువు సామాన్లు. ఒక్క సాయంత్రం. పచ్చికలో మూడో వంతు బురదైపోయింది, మళ్ళీ ఏప్రిల్ దాకా జనానికి తెరవలేదు. 1997లో అడుగు నుంచి మట్టి మార్చి కట్టుకున్న పచ్చిక అది.

నీ ఆరు మళ్ళల్లో రెండు మళ్ళు ఎప్పుడూ విశ్రాంతిలో ఉండేలా చూసుకో. మొక్కలు కావాలంటే నాకు రాయి, నర్సరీ నుంచి పంపిస్తాను, రవాణా ఒక్కటీ మీరు పెట్టుకోండి.

కృష్ణాతీరం

నిన్న మళ్ళీ కూర్చున్నాం. ఈ చర్చ మొత్తం అందరికీ చదివాను. సీమ నేల మాస్టారి పోస్టు దగ్గర గది నిశ్శబ్దమైపోయింది. శాలువా మాట తెచ్చిన పెద్దాయనే "ఆ మాట నేను వెనక్కి తీసుకుంటున్నా" అన్నారు.

ఇలా అనుకున్నాం. మూడు వేలలో రెండు వేలు కన్సర్వెన్సీకి, ఏ పేరూ పలకా అడగకుండా, రోజువారీ పోషణకే వాడమని రాసి ఇస్తాం. వెయ్యి కెరటం గారి పేటలో మైదానాన్ని శుభ్రం చేసుకునే ఇరుగుపొరుగు గుంపుకు. కెరటం గారూ, కాదనకండి. ఇది మీ మాటను గౌరవించడానికే. పిల్లలు తోటమాలికి ఉత్తరాలు రాస్తారు, తమకు ఆ దారిలో ఏది ఇష్టమో. ఉగాది పొద్దున మేమే ఆవిడ పనిచేసే చోటికి వెళ్తాం. వసంతంలో రెండు శనివారాలు పెద్దవాళ్ళం వాలంటీర్లుగా పేర్లిచ్చాం.

విశాఖ కెరటం

ఏం రాయాలో తెలియడం లేదు. డబ్బు తీసుకుంటాం, కానీ ఒక షరతు. మీ పద్నాలుగు కుటుంబాలూ ఒక ఆదివారం మా మైదానానికి రావాలి. చేతి తొడుగులు మేమిస్తాం. మధ్యాహ్నం పులిహోర నాది.

కృష్ణాతీరం

ఉగాది వెళ్ళింది, ఎలా జరిగిందో చెప్తాను.

పొద్దున చలి గట్టిగానే ఉంది. పచ్చిక బయళ్ళు ఇంకా తెరవలేదు. ఆవిడ కంచె అవతల ఎండుకొమ్మలు కత్తిరిస్తోంది. ముప్ఫై రెండు మందిమి, పట్టుచీరల మీద కోట్లు వేసుకుని వెళ్తే ముందు కంగారుపడింది, ఏదో ఊరేగింపు అనుకుందట. పిల్లలు ఒక్కొక్కరే ఉత్తరం చదివి చేతికిచ్చారు. మా చిన్నది రాసింది, "నువ్వు విరిగిన కంచె కట్టావు, నేను చూశాను" అని. ఆవిడ చేతి తొడుగు తీసేసి ఆ కాగితం తీసుకుంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పదిహేడేళ్ళుగా ఆ ముక్కే చూస్తోందట. జనం ఎప్పుడూ బాత్రూం ఎటు, జూ ఎటు అని అడుగుతారు తప్ప కంచె గురించి ఎవరూ అనలేదంది.

అమ్మ చిన్న గిన్నెలో ఉగాది పచ్చడి పెట్టింది. వేపపువ్వు ఇండియా నుంచి తెచ్చి దాచిన ఎండుపువ్వు. ఆవిడ తిని చేదు తగలగానే అమ్మ వైపు చూసింది. అమ్మ తల ఊపింది, అది ఉండాలి అన్నట్టు. మిగిలింది మొత్తం తినేసింది.

వచ్చేటప్పుడు అమ్మను ఆపి, నవంబరులో గడ్డలు నాటేటప్పుడు తప్పకుండా రమ్మని నా చేత చెప్పించింది. అమ్మ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఒకటే అడుగుతోంది, ఆ గడ్డ ఎంత లోతులో పెట్టాలి, ఏ వైపు పైకి ఉండాలి అని. కడియం గారూ, మీకు తెలుస్తుందని ఇక్కడ అడుగుతున్నాను.

కడియం నర్సరీ

ఆరు అంగుళాల లోతు. మొన పైకి, వేళ్ళ వైపు కిందికి. పెట్టాక మట్టి కప్పి అరచేత్తో నొక్కమనండి, కాలితో తొక్కొద్దు. ఒకసారి నీళ్ళు పోస్తే చాలు. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.